"రెండేళ్లలో వెళ్లిపోతాం" అంటూ పిల్లల్ని పెంచకండి: జపాన్‌లోని తెలుగు తల్లిదండ్రులకు బహిరంగ లేఖ

జపాన్‌లో పిల్లల్ని పెంచుతున్న తెలుగు తల్లిదండ్రులందరికీ నమస్కారం.

నేను టోక్యోలోని ఎడొగావా వార్డులో ఉంటున్న ఇద్దరు పిల్లల తల్లిని. మా పిల్లలిద్దరూ ఇక్కడి ప్రభుత్వ స్కూల్లోనే చదువుతున్నారు. కొత్తగా వచ్చిన మనవాళ్లకు వార్డు ఆఫీసులోనో స్కూల్లోనో కాగితాల పని పడితే తోడు వెళ్తుంటాను. వెళ్లిన చోటల్లా ఒకే మాట వినిపిస్తోంది. "ఎలాగూ రెండేళ్లలో ఇండియా వెళ్లిపోతాం కదా అక్కా, ఈలోపు ఎక్కడో ఒకచోట చదువుకుంటాడులే." ఆ మాట గురించే ఈ ఉత్తరం.

పెద్దవాళ్ల వైపు నుంచి చూస్తే అందులో తప్పేమీ కనిపించదు. వీసా మూడేళ్లకో ఐదేళ్లకో వస్తుంది. ప్రాజెక్టు ఎప్పుడు ముగుస్తుందో కంపెనీకే తెలియదు. ఊళ్లో అమ్మానాన్నలు పెద్దవాళ్లవుతున్నారు, హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఫ్లాట్ కట్టుబడిలో ఉంది. మనసు అక్కడే ఉంటుంది. కానీ పిల్లల్ని యోచియెన్‌లో, అంటే ఇక్కడి కిండర్‌గార్టెన్‌లో, చేర్చేటప్పుడు ఈ మాట అన్నవాళ్లే, వాళ్లు మూడో తరగతికి వచ్చాకా అదే అంటున్నారు, ఆరో తరగతికి వచ్చాకా అదే అంటున్నారు. ఈలోపు వీసా రెన్యువల్ అయింది, జీతం పెరిగింది, శాశ్వత నివాసానికి పాయింట్లు లెక్కేసుకోవడం కూడా మొదలైంది. పెద్దవాళ్ల జీవితం ఇక్కడ వేళ్లూనుకుంది. పిల్లల చదువు మాత్రం రెండు పడవల మీద కాళ్లు పెట్టి నిలబడి ఉంది.

2000 ప్రాంతంలో వై2కె, అంటే కంప్యూటర్లలో తేదీల సమస్యను సరిచేసే పనుల కోసం ఇంజినీర్లు ఒంటరిగా వచ్చి మా వార్డులోని నిషి-కసాయ్ చుట్టుపక్కల అద్దెకు దిగిన రోజులు వేరు. వాళ్లు నిజంగానే కొద్ది కాలానికి వచ్చినవాళ్లు. ఇప్పుడు జపాన్ మొత్తం మీద మన దేశస్థులు 50 వేలు దాటారు. కుటుంబాలతో వచ్చాం, ఇక్కడే కాన్పులయ్యాయి. ఆ పాత మాట మన నోట్లో అలాగే ఉండిపోయింది.

ఒక విషయం చాలామందికి తెలియదు, అందుకే ముందుగా చెబుతున్నాను. జపాన్‌లో ఆరేళ్ల ప్రాథమిక విద్య, మూడేళ్ల మిడిల్ స్కూల్, మొత్తం తొమ్మిదేళ్ల చదువు నిర్బంధం. అయితే ఆ నిర్బంధం జపాన్ పౌరులకే. మన పిల్లల్ని బడికి పంపమని ఇక్కడి చట్టం మనల్ని బలవంతపెట్టదు. మనం కోరితే మాత్రం ప్రభుత్వ స్కూల్ చేర్చుకుంటుంది. చదువూ పుస్తకాలూ ఉచితం. అంటే అడగాల్సింది మనమే. అడగకపోతే ఏమవుతుంది? 2019లో ఇక్కడి విద్యాశాఖ మొదటిసారి దేశమంతా లెక్క తీస్తే, బడి ఈడు విదేశీ పిల్లల్లో దాదాపు 20 వేల మంది ఏ స్కూల్లోనూ లేకుండా ఉండవచ్చని తేలింది. వాళ్లలో తెలుగు పిల్లలు ఎందరో నాకు తెలియదు, తక్కువే కావచ్చు. కానీ ఒక పిల్లవాడు బడి లెక్కల్లోంచి ఇంత సులువుగా జారిపోగల దేశంలో ఉన్నామని మనకు తెలిసి ఉండాలి. స్కూళ్లు మారే మధ్యలో నెలల తరబడి ఇంట్లో టాబ్లెట్ పట్టుకుని కూర్చున్న మన పిల్లల్ని నేనే చూశాను. ఎవరూ వచ్చి అడగలేదు.

ఇక అసలు సంగతి, భాష.

చిన్న వయసులో వచ్చిన పిల్లలు ఏడాది తిరిగేసరికి పార్కులో జపనీస్ పిల్లలతో గలగలా మాట్లాడేస్తారు. అది విని మనం మురిసిపోతాం, వీడికిక పర్వాలేదనుకుంటాం. అక్కడే మోసపోతున్నాం. ఆటల్లో పనికొచ్చే భాష వేరు, పాఠంలో పనికొచ్చే భాష వేరు. జిమ్ కమిన్స్ అనే పండితుడు ఈ తేడాను ఏనాడో వివరించాడు. మాటల భాష ఒకటి రెండేళ్లలో పట్టుబడుతుంది, చదువు భాష పట్టుబడటానికి ఐదు నుంచి ఏడేళ్లు పడుతుంది. జపనీస్‌లో దీనికి కాంజీ అనే చిత్రలిపి అక్షరాల బరువు కూడా తోడవుతుంది. ఒకటో తరగతిలో 80 కాంజీలు, రెండులో 160, మూడులో 200, నాలుగులో 202. ప్రాథమిక స్కూల్ ముగిసేసరికి 1,026 రావాలి. ఒకటో తరగతిలో మన పిల్లలు మిగతావాళ్లతో సమానంగానే ఉంటారు. మూడో తరగతి దాటాక సైన్సు, సాంఘికం, లెక్కల్లో మాటలతో ఇచ్చే ప్రశ్నలు వస్తాయి. ఇంట్లో ఆ పుస్తకం చదివి చెప్పేవాళ్లు ఉండరు. అప్పుడు మొదలవుతుంది వెనకబాటు.

నాకు తెలిసిన ఒక అబ్బాయి నాలుగో తరగతిలో ఉండగా వాళ్ల నాన్నగారు బాధపడుతూ వచ్చారు. "ఇండియాలో ఉండగా లెక్కల్లో ఫస్టు. ఇక్కడికొచ్చాక బద్ధకం బాగా ఎక్కువైంది" అన్నారు. ఆ అబ్బాయికి కూడికలూ భాగహారాలూ బ్రహ్మాండంగా వచ్చు. ప్రశ్న ఏమడుగుతోందో మాత్రం అర్థం కాదు. అర్థం కాలేదని టీచరుకి చెప్పడానికి సిగ్గు. క్లాసులో నవ్వుతూ తలూపుతాడు. బయటికి చూస్తే జపనీస్ బాగా వచ్చిన పిల్లాడిలాగే ఉంటాడు. అలాంటి పిల్లల్ని బద్ధకస్తులని తిట్టకండి, దయచేసి. వాళ్లు రోజుకు ఆరు గంటలు సగం అర్థమయ్యే గదిలో కూర్చుని ఇంటికి వస్తున్నారు.

దీనికి సాయం ఉంది. 2014 నుంచి స్కూలు వేళల్లోనే విడిగా జపనీస్ నేర్పే పీరియడ్లను పాఠ్యప్రణాళికలో భాగంగా పెట్టుకునే వీలు వచ్చింది. 2023 సర్వే ప్రకారం అలాంటి సాయం అవసరమైన పిల్లలు ప్రభుత్వ స్కూళ్లలో దాదాపు 69 వేల మంది. కాబట్టి అడగడానికి మొహమాటపడకండి, మీవాడు ఒక్కడే కాదు. "మావాడు మాట్లాడేస్తాడు, వాడికి ఆ క్లాసు అక్కర్లేదు" అని పరువు కోసం వద్దనకండి. ఆ క్లాసుకి వెళ్లడం చిన్నతనం కాదు.

ఇక స్కూళ్లు మార్చడం. ప్రభుత్వ స్కూల్, ఇక్కడున్న సీబీఎస్ఈ స్కూళ్లు, ఇంగ్లీషు అంతర్జాతీయ స్కూళ్లు, దేని మంచి దానిది. నేను ప్రభుత్వ స్కూల్ వైపు ఉన్నాను గనక అందరూ అటే రావాలని అనను. 2004లో టోక్యోలో మొదటి భారతీయ స్కూల్ వచ్చినప్పటి నుంచి ఎందరో పిల్లలు అక్కడ పన్నెండో తరగతి వరకు చక్కగా చదివి వెళ్లారు. నన్ను భయపెడుతున్నది మధ్యలో దూకడం. ప్రమోషన్ వస్తే ఫీజు కట్టగలమని సీబీఎస్ఈకి మార్చడం, కంపెనీ మారితే ఫీజు భారమై మళ్లీ ప్రభుత్వ స్కూల్‌కి తేవడం, "వచ్చే ఏడు వెళ్లిపోతున్నాం" అని మళ్లీ అటు పంపడం, ఆ ఏడు వెళ్లకపోవడం. ఒక్కో మార్పుకీ పెద్దవాళ్ల దగ్గర గట్టి కారణమే ఉంటుంది. పిల్లల వైపు నుంచి చూస్తే ప్రతిసారీ చదివే భాషే మారిపోతోంది.

ఈ దారి మనకంటే ముందు నడిచినవాళ్లు ఉన్నారు. జపాన్ సవరించిన ఇమిగ్రేషన్ చట్టం 1990లో అమల్లోకి వచ్చాక, జపాన్ మూలాలున్న బ్రెజిలియన్లు పెద్ద సంఖ్యలో వచ్చి హమామత్సు లాంటి ఊళ్ల ఫ్యాక్టరీల్లో చేరారు. వాళ్లూ రెండు మూడేళ్లలో డబ్బు కూడబెట్టుకుని వెళ్లిపోదామనే వచ్చారు. పిల్లల్ని కొంతకాలం జపనీస్ స్కూల్లో, కొంతకాలం పోర్చుగీస్ స్కూల్లో చదివించారు. కొందరిని ఎక్కడా చేర్చలేదు. 2008 ఆర్థిక సంక్షోభంలో ఫ్యాక్టరీ ఉద్యోగాలు పోయాయి, ఫీజులు కట్టలేక బ్రెజిలియన్ స్కూళ్లు కొన్ని మూతపడ్డాయి. 2009లో ప్రభుత్వం ఉద్యోగం పోయినవారికి తలకు 3 లక్షల యెన్లు ఇచ్చి వెళ్లమంది. వెళ్లినవాళ్లు వెళ్లారు, ఉండిపోయినవాళ్లు ఉండిపోయారు. రెండు భాషల్లో ఏ ఒక్కదాంట్లోనూ ఒక పాఠం హాయిగా చదవలేని పిల్లల సంగతి ఇక్కడి టీచర్లు ఇప్పటికీ చెబుతారు. మనం ఐటీ వాళ్లం, మనకలా జరగదు అనుకోవడానికి లేదు. నాన్న జీతం ఎంతైనా, పదేళ్ల పిల్లవాడు భాష నేర్చుకోవడానికి పట్టే కాలం తగ్గదు.

పదిహేనేళ్ల దగ్గర ఇంకో గుమ్మం ఉంది. తొమ్మిదో తరగతి వరకు ప్రభుత్వ స్కూల్లో ఫెయిలనే మాట ఉండదు, వయసును బట్టి పైతరగతికి పంపుతూనే ఉంటారు. హైస్కూల్‌కి మాత్రం ప్రవేశ పరీక్ష. టోక్యో ప్రభుత్వ హైస్కూళ్లకు ఫిబ్రవరిలో జరిగే ఆ పరీక్షలో జపనీస్, లెక్కలు, ఇంగ్లీషు, సైన్సు, సాంఘికం ఉంటాయి, మిడిల్ స్కూల్ మార్కులు కూడా కలుపుతారు. ఈమధ్యే వచ్చిన విదేశీ పిల్లల కోసం కొన్ని హైస్కూళ్లలో వేరే సీట్లున్నాయి. కానీ యోచియెన్ నుంచి ఇక్కడే ఉన్న పిల్లలు ఆ కోటాలోకి రారు. ఇంకో చిక్కు కూడా ఉంది. చాలా అంతర్జాతీయ, భారతీయ స్కూళ్లు ఇక్కడి విద్యా చట్టం మొదటి నిబంధన కిందికి వచ్చే పాఠశాలలు, అంటే చట్టం మామూలు స్కూళ్లుగా గుర్తించేవి, కావు. అక్కడ తొమ్మిదో తరగతి ముగించినంత మాత్రాన ప్రభుత్వ హైస్కూల్‌కి దరఖాస్తు పెట్టే అర్హత దానంతటది రాకపోవచ్చు, విడిగా అర్హత పరీక్ష రాయాల్సి రావచ్చు. ఈ సంగతి ఎనిమిదో తరగతిలో తెలుసుకుంటే దారి వెతుక్కోవచ్చు, తొమ్మిది చివర్లో తెలిస్తే ఏడుపే మిగులుతుంది. జపనీస్ సాయం అవసరమైన పిల్లలు హైస్కూల్‌ని మధ్యలో మానేయడం మిగతా పిల్లల కంటే చాలా రెట్లు ఎక్కువని విద్యాశాఖ సర్వేలే చెబుతున్నాయి.

తిరిగి వెళ్లేవాళ్ల దారీ నల్లేరు మీద నడక కాదు. తెలంగాణ 2018లో చట్టం చేసి స్కూళ్లలో తెలుగును తప్పనిసరి చేసింది, సీబీఎస్ఈ స్కూళ్లు కూడా అందులోకే వస్తాయి. ఇక్కడ ఏడో తరగతి దాకా చదివి వెళ్లిన పిల్లకు తెలుగు అక్షరాలు రావు, ఇంగ్లీషులో పాఠం రాయడం అలవాటు లేదు, తరగతి లెక్క కూడా కుదరదు. ఇక్కడ ఏప్రిల్ 2 నుంచి మరుసటి ఏప్రిల్ 1 వరకు పుట్టిన పిల్లలంతా ఒకే తరగతి, మన దగ్గర జూన్‌లో బడి. ఆ పిల్ల వీడియో కాల్ చేసి "ఆంటీ, నేనిక్కడ డల్ స్టూడెంట్‌ని అయిపోయాను" అంటే నాకు రెండు రోజులు అన్నం సహించలేదు. ఇక్కడ క్లాసులో అందరికంటే చురుకైన పిల్ల అది.

అందుకే నేను కోరేది ఇది. పిల్లలు మూడో తరగతి ముగించేలోపు భార్యాభర్తలిద్దరూ కూర్చుని ఒక నిర్ణయం తీసుకోండి. వెళ్లేట్టయితే ఐదో తరగతి లోపే వెళ్లండి, వెళ్లేలోపు రోజూ తెలుగు, ఇంగ్లీషు చదివించండి. ఉండేట్టయితే జపనీస్ స్కూల్లో గట్టిగా నిలబెట్టండి, ఇంట్లో జపనీస్ పుస్తకాలు చేర్చండి, లైబ్రరీ కార్డు తీసుకోండి. సీబీఎస్ఈ అనుకుంటే పన్నెండు దాకా అదే. ఉద్యోగాలు మన చేతిలో లేవని నాకూ తెలుసు. కంపెనీ రమ్మన్నప్పుడు నాన్న ముందు వెళ్లి, తల్లీ పిల్లలూ ఆ విద్యా సంవత్సరం పూర్తి చేసుకుని వెళ్లిన కుటుంబాలున్నాయి. కష్టమే. కానీ ఆ ఒక్క ఏడాది పిల్లలకు చాలా విలువైనది.

ఏ దారి పట్టినా ఇంట్లో తెలుగు మాట్లాడండి. ఇది ప్రాధేయపడి అడుగుతున్నాను. చాలా ఇళ్లలో అమ్మ తెలుగులో మొదలుపెట్టి, పిల్లకు అర్థం కాలేదనుకుని వచ్చీరాని ఇంగ్లీషులోకి మారుతోంది. పిల్ల జపనీస్‌లో జవాబిస్తోంది. అమ్మకు ఆ జవాబు సగమే అర్థమవుతోంది. ఆకలి, నిద్ర, హోంవర్క్ వరకు ఎలాగో నడిచిపోతుంది. పన్నెండేళ్ల ఆడపిల్ల క్లాసులో స్నేహితురాళ్లు తనను వదిలేసి వెళ్లిపోతున్నారని చెప్పుకోవాలంటే ఏ భాషలో చెప్పుకుంటుంది? అమ్మకు లోతుగా వచ్చిన భాష తెలుగు ఒక్కటే. ఆ భాష బిడ్డకు లేకపోతే ఆ సంభాషణే జరగదు. స్కూల్లో వేధింపుల నివారణకు 2013లో చట్టం వచ్చింది. ఫిర్యాదు వస్తే స్కూలు విచారించాలి, కౌన్సిలర్లున్నారు. అన్నీ ఉన్నాయి. కానీ మొదట ఆ పిల్ల ఇంట్లో నోరు విప్పాలి కదా.

తెలుగు మాట్లాడితే జపనీస్ దెబ్బతింటుందనే భయం వద్దు. ఒక భాషలో కథ చెప్పడం, కారణం అడగడం, వాదించడం నేర్చిన పిల్లలు రెండో భాషలోనూ ఆ పని చేయగలుగుతారు. పడుకునేటప్పుడు కథ చెప్పండి. శనివారం ఒక పేజీ చదివించండి. అమెరికాలో 2007లో సిలికానాంధ్ర మనబడి మొదలుపెట్టి వేలమంది పిల్లలకు తెలుగు చదవడం, రాయడం నేర్పింది. మనకు అంత పెద్ద ఏర్పాటు లేకపోయినా, నాలుగు కుటుంబాలు కలిస్తే ఒకరి హాల్లో ఒక తరగతి అవుతుంది.

దీనికి రెండో వైపు, మనం జపనీస్ నేర్చుకోవాలి. ఆఫీసులో అంతా ఇంగ్లీషే కదా అనే నాన్నలకు ముఖ్యంగా చెబుతున్నాను. తొమ్మిదేళ్ల పిల్లను ఆస్పత్రికి తీసుకెళ్లి, అమ్మ కడుపునొప్పి గురించి డాక్టరు చెప్పింది తర్జుమా చేయమంటున్నాం. టీచరుతో మీటింగులో తన తప్పుల గురించి తననే తర్జుమా చేయమంటున్నాం. ఆ బరువు పిల్లలది కాదు. చాలా వార్డుల్లో వాలంటీర్లు నడిపే జపనీస్ క్లాసులు ఉచితంగానో నామమాత్రపు రుసుముకో దొరుకుతాయి. స్కూలు నుంచి రోజూ వచ్చే రెన్‌రాకుచోలో, అంటే టీచరుకీ ఇంటికీ మధ్య నడిచే నోట్‌బుక్‌లో, రెండు వాక్యాలు మీ చేతిరాతతో రాయండి, తప్పులున్నా ఫర్వాలేదు. ఆ తర్వాత టీచరు మన పిల్లల గురించి మనతోనే మాట్లాడటం మొదలుపెడతారు. డిపెండెంట్ వీసా మీద వచ్చి రోజంతా ఇంట్లో ఒంటరిగా ఉండే చెల్లెళ్లకు ఆ క్లాసు చదువొక్కటే కాదు, నలుగురు మనుషుల తోడు కూడా.

తిండి, చెవిపోగులు లాంటివి చాలామందికి పెద్ద టెన్షన్, నా అనుభవంలో అవి మాట్లాడుకుంటే తేలిపోయేవి. శాకాహారులైతే, స్కూలు భోజనంలో ఇచ్చే కూరగాయల సూపులో కూడా చేపతో చేసిన దాషి అనే రసం ఉండొచ్చని గుర్తుంచుకోండి. నెలవారీ మెనూ ముందే ఇస్తారు, ఏ రోజు డబ్బా పంపుతారో టీచరుతో మాట్లాడుకోండి. చెవులు కుట్టించడం మన ఆచారమని స్కూల్లో చేరేముందే చెప్పండి, పోగులు తీయమంటే ఏం చేయాలో అప్పుడే తేల్చుకోండి. క్లాసు ఊడవడం, వడ్డించడం మన పిల్లల చేత చేయిస్తున్నారని నొచ్చుకునేవాళ్లూ ఉన్నారు. వద్దండీ. అది అందరి పిల్లలూ చేసే పని, మన పిల్లలకు ఇష్టమైన పని కూడా.

మనకు హక్కుగా వచ్చేవి వదులుకోకండి. ఇక్కడ పుడితే 14 రోజుల్లో వార్డు ఆఫీసులో నమోదు, 30 రోజుల్లో వీసాకు దరఖాస్తు, ఏడాదిలోపు భారత రాయబార కార్యాలయంలో నమోదు మరిచిపోవద్దు. ఇక్కడ పుట్టినంత మాత్రాన జపాన్ పౌరసత్వం రాదు. పిల్లల భత్యం మనకూ వస్తుంది. 2024 అక్టోబరు నుంచి ఆదాయ పరిమితి తీసేసి, హైస్కూల్ ఈడు వరకు ఇస్తున్నారు. ఉన్నత నైపుణ్య వీసా ఉండి, కుటుంబ ఆదాయం ఏడాదికి కనీసం 80 లక్షల యెన్లు ఉంటే, ఏడేళ్ల లోపు పిల్లల్ని చూసుకోవడానికి అమ్మమ్మనో నానమ్మనో పిలిపించి దగ్గరుంచుకునే వీలుంది. ఇంట్లో తెలుగు నిలబడటానికి అంతకంటే మంచి ఉపాయం నాకు తెలియదు.

మన తెలుగు సంఘాల పెద్దలకు ఒక్క విన్నపం. ఉగాది, సంక్రాంతి మీరు ఎంత శ్రద్ధగా చేస్తారో చూస్తున్నాను, పిల్లలు ఏడాదంతా ఎదురుచూస్తారు. ఆ హాలు ఎలాగూ బుక్ చేస్తారు కాబట్టి ఒక మూల ఒక బల్ల వేయించండి. హైస్కూల్ పరీక్ష రాసిన పిల్లల తల్లిదండ్రులు, సీబీఎస్ఈ ముగించినవాళ్లు, ఇండియాకు తిరిగి వెళ్లి ఫోన్లో మాట్లాడగలిగేవాళ్లు అక్కడ కూర్చుంటే చాలు. కొత్తగా వచ్చినవాళ్లకు ఇప్పుడు వాట్సాప్‌లో దొరికేవి పుకార్లే.

వచ్చే ఏప్రిల్‌లో ఒకటో తరగతిలో చేరాల్సిన పిల్లలున్నవాళ్లు వార్డు నుంచి వచ్చే ఉత్తరం కోసం చూడండి. చేరబోయే పిల్లలకు శరదృతువులో ఆరోగ్య పరీక్షలు చేస్తారు. ఉత్తరం రాకపోతే రెసిడెన్స్ కార్డులు పట్టుకుని వార్డు ఆఫీసులో స్కూలు ప్రవేశాలు చూసే విభాగానికి మీరే వెళ్లండి. అంతకంటే పెద్ద తరగతుల్లో ఉన్న పిల్లలకైతే, ఉంటున్నామో వెళ్తున్నామో, వెళ్తే ఏ తరగతి తర్వాతో మీరిద్దరూ తేల్చుకున్నాక వాళ్లను కూర్చోబెట్టి చెప్పండి. వాళ్ల అభిప్రాయం కూడా అడగండి. కిందటి నెల ఒక ఆరో తరగతి అబ్బాయి నన్ను అడిగాడు, "ఆంటీ, మేం వెళ్తున్నామా, మా అమ్మ మీకేమైనా చెప్పిందా?" అని. ఆ జవాబు వాడికి మీ నుంచి రావాలి.

ఇట్లు,
ఎడొగావా వార్డు నుంచి మీ తోటి తల్లి